సరైన పాస్‌వర్డ్‌తోనే లోపలికి వచ్చారు

కంప్యూటర్ సెంటర్లో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి మా ఇంటికి వచ్చే పిల్లలందరూ ఒకటే అడుగుతారు: "ఇంకా ఏ కోర్సు చేస్తే మంచిదండీ?" ఏదో ఒకటి చెయ్యండి అంటాను. కోర్సులో నేర్పేది మూడేళ్లకు పాతబడిపోతుంది. పాతబడని సంగతి నాకు ఒకటి తెలుసు. అది టీ తాగేలోపు చెప్పేది కాదు, పైగా చెప్పుకోవడానికి గొప్పగా ఉండేదీ కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నా పేరు సునంద. పుట్టింది రాజోలు దగ్గర. నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. అమలాపురానికి దగ్గర్లో ఉన్న ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అధ్యాపకుల, ఆఫీసు సిబ్బంది మెయిళ్లు, కంప్యూటర్లు, నెట్‌వర్కు, వాటి భద్రత అన్నీ నా చేతిలో ఉండేవి. నేను ఎప్పుడు ఏ హోదాకి ఎక్కానో మీకు అనవసరం. ఒక నెల రోజుల్లో జరిగిన సంగతి ఒక్కటే చెబుతాను.

పని అంటే ఏమిటి

మా పనిలో కొంత భాగం ఉప్పుగాలితో. కేబుళ్ల చివర్లు పచ్చగా చిలుము పడతాయి. వానాకాలం వస్తే చీమలు స్విచ్ పెట్టెల్లో గుడ్లు పెడతాయి. మూడో అంతస్తులో నెట్ రావట్లేదని ఫోనొస్తే ముందు చీపురు పట్టుకుని వెళ్లేదాన్ని.

మిగతాదంతా మనుషులతోనే. లెక్కల ప్రొఫెసర్ ఒకాయన పాస్‌వర్డ్ కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించారు. అలా పెట్టకూడదండీ అంటే, వినయంగా ఆ కాగితాన్ని తలకిందులుగా అంటించారు. "మీ మెయిల్ బాక్స్ నిండిపోయింది, ఇక్కడ నొక్కండి" అని వచ్చిన దొంగ మెయిల్‌ని నమ్మి ఆఫీసు సూపరింటెండెంట్ గారు నొక్కేశారు. ఆ తర్వాత నాకు ఫోన్ చేశారు. "నొక్కేనండీ. ఇంకా నిండే ఉందంటోంది. ఇంకోసారి నొక్కమంటారా?"

ఇలాంటివి మేం సెంటర్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వు గురించి ఇప్పుడు నిక్కచ్చిగా చెబుతున్నాను. మన వృత్తికి పట్టిన అసలు జబ్బు అదే. వాళ్లకేమీ తెలియదు, మనకే తెలుసు అనుకోవడం మొదలైతే వాళ్లు చెప్పేది వినడం మానేస్తాం. నేను మానేశాను.

ఒక ఫోను

అడ్మిషన్ల వారం. సెంటర్ నిండా జనం. ప్రింటర్ ఒకటి పని మానేసింది, సర్టిఫికెట్ల పరిశీలన ఆగిపోయింది, వరండాలో తల్లిదండ్రులు గట్టిగా మాట్లాడుతున్నారు. ఆ గోలలో బల్ల మీది ఫోను మోగింది.

"మేడం గారూ, ఫిజిక్స్ నుంచి ఆదిలక్ష్మినండీ. మెయిల్ తెరుచుకోవట్లేదండీ. కొంచెం పాస్‌వర్డ్ మార్చి పెడతారా?"

ఆదిలక్ష్మి గారు ఫిజిక్స్ అసిస్టెంట్ ప్రొఫెసర్. ఉప్పలగుప్తం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. భర్త కువైట్‌లో పనిచేస్తారు. ఇంట్లో అత్తగారు, ఒక్క కూతురు. మెత్తగా మాట్లాడే మనిషి. ఫోన్లో గొంతు కూడా మెత్తగానే ఉంది. ఫోన్లో ఆడవాళ్ల మెత్తని గొంతులన్నీ ఒక్కలాగే ఉంటాయని నాకు అప్పుడు తట్టలేదు.

కొత్త పాస్‌వర్డ్ పెట్టి, అక్షరం అక్షరం ఫోన్లోనే చదివి వినిపించాను. "ఆయ్, రాసుకున్నానండీ" అంది ఆ గొంతు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. మళ్లీ ప్రింటర్ దగ్గరికి వెళ్లిపోయాను.

రెండు రోజులు పోయాక ఆదిలక్ష్మి గారే స్వయంగా వచ్చారు.

"మేడం గారూ, నా పాస్‌వర్డ్ తీసుకోవట్లేదండీ. ఫోన్లోనూ రావట్లేదు, డిపార్ట్‌మెంట్లోనూ రావట్లేదు."

"మొన్ననేగా మార్చేను, అప్పుడే మర్చిపోయేరా?" అన్నాను నవ్వుతూ.

"మొన్నా? నేను అడగలేదండీ."

"ఫోన్ చేసేరు కదండీ."

"నేను ఫోన్ చెయ్యలేదండీ."

ఈ మాట దగ్గర ఆగండి. నేను ఆగలేదు. ఈవిడ మర్చిపోయి ఉంటుంది, వీళ్లందరూ ఇంతే అనుకున్నాను. ఇంకో పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చాను. ఆవిడ మొహమాటంగా నవ్వి, "నేనే మర్చిపోయేనేమోలెండి" అని వెళ్లిపోయారు. నాకు తెలియనిదేదో ఉందేమోనన్న అనుమానం నాకు రాలేదు సరికదా, తనకి తెలిసిన నిజాన్నే ఆవిడ అనుమానించేలా చేశాను.

ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఫోన్ చేసిన మనిషి ఆవిడ ఖాతాలోకి వెళ్లి ఒకే ఒక్క మార్పు చేసింది. ఆవిడకి వచ్చే ప్రతి మెయిల్‌కీ ఒక కాపీ బయటి చిరునామాకి దానంతటదే వెళ్లేలా పెట్టింది. నేను రెండోసారి పాస్‌వర్డ్ మార్చినా ఆ ఏర్పాటు చెక్కుచెదరలేదు. సెట్టింగుల్లో ఒక్కసారి చూసి ఉంటే కనిపించేది.

సోమవారం

నాలుగు వారాల తర్వాత సెమిస్టర్ పరీక్షలు. సోమవారం పదింటికి ఆదిలక్ష్మి గారు తయారుచేసిన పేపరు. ఎనిమిదిన్నరకి, జొన్నాడ నుంచి వచ్చే ఒక విద్యార్థిని తన ఫోను తెచ్చి ప్రిన్సిపాల్ ప్రసాదరావు గారి బల్ల మీద పెట్టింది. "ఇది నిన్నటి నుంచి తిరుగుతోందండీ" అంది. తెరిస్తే పేపరు మొత్తం ఉంది.

ప్రశ్నపత్రం సీలు వేసిన కవర్లో చేతికివ్వాలని నిబంధన. ఆచరణలో అందరూ మెయిల్లోనే పంపేవారు. పరీక్షల విభాగం టైపు చేసి, తప్పులు దిద్దమని మళ్లీ మెయిల్లోనే తిప్పి పంపేది. ఈ పేపర్లో నాలుగో ప్రశ్నలో ఒక అంకె తప్పు పడింది. ఆదిలక్ష్మి గారు దాన్ని దిద్ది పంపారు. బయట తిరుగుతున్న దానిలో అంకె దిద్దకముందు ఉన్నట్టే ఉంది. అంటే ఆ కాగితం రెండు చోట్ల నుంచే పోగలదు. ఒకటి పరీక్షల విభాగం టైపిస్టు కంప్యూటరు. రెండోది ఆదిలక్ష్మి గారి మెయిలు. టైపిస్టు కంప్యూటరుకి ఇంటర్నెట్ తెరుచుకున్నది ఆ ఒక్క మెయిల్ పంపడానికే, అదీ ఇద్దరు అధికారుల ముందు.

పరీక్ష రద్దు చేశారు. కపిలేశ్వరపురం వైపు నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చిన పిల్లలు హాల్ టికెట్లు చేతిలో పట్టుకుని గేటు దగ్గర నిలబడిపోయారు. తొమ్మిదిన్నరకల్లా ప్రాంగణమంతా ఒకే మాట: ఆదిలక్ష్మి పేపరు అమ్ముకుంది.

ప్రసాదరావు గారు నన్ను పిలిచారు. "సునంద గారూ, మూడింటికి హెడ్ ఆఫీసు నుంచి విచారణకి వస్తున్నారు. ఆవిడ మెయిల్లోకి ఎవరెవరు వెళ్లేరో, ఎప్పుడు వెళ్లేరో అంతా నాకు కావాలి."

సెంటర్‌కి వచ్చి తలుపు వేసుకుని లాగ్ తెరిచాను. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఏం మార్చారో సర్వర్ రాసుకునే పట్టిక అది. బయటి చిరునామాకి కాపీలు వెళ్తున్న సంగతి అయిదు నిమిషాల్లో దొరికింది. అది ఎప్పుడు పెట్టారో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాను. అడ్మిషన్ల వారం. ఉదయం పదకొండు దాటాక. మా ప్రాంగణానిది కాని కనెక్షన్ నుంచి. ఆ సమయంలో ఆదిలక్ష్మి గారు లేబ్‌లో ఇరవై మంది ముందు ప్రాక్టికల్స్ చేయిస్తున్నారు.

దానికి సరిగ్గా పైన ఇంకో వరుస ఉంది. పాస్‌వర్డ్ మార్చబడింది. మార్చినవారు: సునంద.

నా పేరు నేను చాలాసార్లు చదువుకున్నాను. ఆ ఫోను, ఆ గొంతు, "నేను ఫోన్ చెయ్యలేదండీ" అన్న మాట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మా సర్వర్ ముప్పై రోజుల లాగ్ మాత్రమే ఉంచుకునేది. ముప్పై దాటితే పాతది దానంతటదే చెరిగిపోతుంది. ఆ వరుస రాసి సరిగ్గా ముప్పై రోజులైంది. నేను ఏమీ చెయ్యక్కర్లేదు. ఒక్క రోజు ఊరుకుంటే చాలు. ఆ ప్రాంగణంలో ఆ పట్టిక చదవడం వచ్చింది నాకొక్కదానికే.

చెప్పని పది నిమిషాలు

తలుపు కొట్టారు. ఆదిలక్ష్మి గారు. చీర కొంగు చేతికి చుట్టుకుని ఉన్నారు. పరీక్షల బీరువా తాళాలు అప్పటికే ఆవిడ దగ్గర్నుంచి తీసేసుకున్నారట.

"మేడం గారూ, నా ఫోను తీసుకోండి. అంతా చూసుకోండి. నేను ఎవరికీ పంపలేదండీ. మా పాప మీద ఒట్టండీ."

"కూర్చోండి" అన్నాను. మంచినీళ్లు ఇచ్చాను.

"మీరు చూస్తే తెలిసిపోతుంది కదండీ? మీకు తెలుస్తుంది కదా?"

"చూస్తున్నానండీ."

ఫోను తీసుకుని తిరగేశాను. ఎవరికైనా పాస్‌వర్డ్ చెప్పారా, ఇంట్లో ఇంకెవరైనా మెయిల్ చూస్తారా అని ప్రశ్నలు వేశాను. జవాబు నాకు తెలిసిన ప్రశ్నలన్నీ ఆవిడని అడిగాను. ఆవిడ గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడుతూ, "మా పాప ఒకసారి నా ఫోన్లో ఆట ఆడుకుందండీ, దానివల్ల ఏమన్నా..." అని కూతుర్ని కూడా అనుమానించారు. నా వెనక తెరమీద నా పేరు ఉంది. ఆవిడ కూర్చున్న చోటికి అది కనిపించదు.

పది నిమిషాలు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో, ఆ ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పడం కన్నా పెద్దది ఇదే. మొదటిది తొందరలో చేశాను. ఇది తెలిసి చేశాను.

ఒంటిగంటకి ప్రసాదరావు గారి గదికి వెళ్లాను. ఆయనకి చెప్పాను. ఆయన పూర్తిగా విన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ ప్రాంగణంలో పరీక్షల్ని గాడిలో పెట్టింది ఆయనే. అందుకే భయపడ్డారు.

"చూడండి సునంద గారూ. ఆవిడ ఖాతాలోకి సరైన పాస్‌వర్డ్‌తోనే వచ్చేరు కదా?"

"ఆయ్, వచ్చేరండీ. కానీ..."

"అది రాయండి. సరైన పాస్‌వర్డ్‌తోనే లోపలికి వచ్చారు. ఒక్క వాక్యం. అబద్ధం కాదు కదా? మిగతాది వాళ్లు తేల్చుకుంటారు. కంప్యూటర్ సెంటరే తలుపు తీసి ఇచ్చిందని బయటికొస్తే ఇక్కడ ఇచ్చిన మార్కుల్ని రేపు ఎవరు నమ్ముతారండీ? పిల్లల గురించి ఆలోచించండి."

"మరి ఆదిలక్ష్మి గారి సంగతండీ?"

"ఆవిడ తప్పు లేకపోతే నిదానంగా బయటపడుతుంది."

ఆ వాక్యంలో ప్రతి మాటా నిజమే. ఒక మనిషి ఉద్యోగం తీసెయ్యడానికి ఆ నిజం సరిపోతుంది. మన పనిలో ఇలాంటి వాక్యాలు చాలా దొరుకుతాయి. "సర్వర్‌లో లోపం లేదు." "నిబంధన ప్రకారమే ఇచ్చాం." కంప్యూటర్ భాష తెలియనివాళ్లు వాటిని ఎదురు ప్రశ్నించలేరు. మీరు ఎప్పుడైనా అలాంటిది రాయబోతే, దాని కింద ఎవరు నలిగిపోతారో ముందు చూసుకోండి.

నేను ఔననలేదు, కాదనలేదు. "రాసుకొస్తానండీ" అని వచ్చేశాను.

సెంటర్లో కూర్చున్నాను. మా ఆయన మందులు, రిటైర్‌మెంట్‌కి మిగిలిన ఏళ్లు, నా కింద పనిచేసేవాళ్లు ఏమనుకుంటారో అన్నీ వరసగా తిరిగాయి బుర్రలో. ధైర్యం వచ్చిందని చెప్పను. రాలేదు. ఇంకో గంట ఇలాగే కూర్చుంటే ఆ వాక్యమే రాసేస్తానని మాత్రం నాకు తెలిసిపోయింది. అందుకని వెనక్కి తీసుకోవడం కుదరని పని ఒకటి చేశాను. ఆ లాగ్ పేజీని రెండు కాపీలు ప్రింట్ తీసి, నా పేరున్న వరుస కింద గీత గీసి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఒకటి పట్టుకుని ఫిజిక్స్ లేబ్‌కి నడిచాను.

ఆవిడ ఒక్కరే స్టూలు మీద కూర్చుని ఉన్నారు. తోటివాళ్లు ఎవరూ ఆ గదిలోకి రావట్లేదు.

"ఆదిలక్ష్మి గారూ, ఇది మీ దగ్గర ఉంచుకోండి. మీ పేరు చెప్పి ఎవరో ఫోన్ చేస్తే నేనే మీ పాస్‌వర్డ్ మార్చి వాళ్లకి చెప్పేనండీ. తప్పు నాది. పొద్దున్న మీరొచ్చినప్పుడే ఇది నాకు తెలుసు. చెప్పలేదు."

ఆవిడ కాగితం చదివారు. చాలాసేపు చదివారు. తర్వాత తలెత్తి, "ఆ రోజే చెప్పేను కదండీ, నేను ఫోన్ చెయ్యలేదని" అన్నారు.

ఏడవలేదు, తిట్టలేదు. నాకు ఆ రెండూ సులువుగా ఉండేవి.

మూడింటికి

విచారణకి వచ్చినవాళ్లలో పెద్దావిడ ఒకరు. సూటిగా అడిగే మనిషి. ప్రసాదరావు గారు పక్కనే కూర్చున్నారు. నేను ఆయన రాయమన్న వాక్యం కాకుండా లాగ్ పేజీ బల్ల మీద పెట్టడం చూసి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"పాస్‌వర్డ్ మార్చింది మీరేనా?"

"ఆయ్, నేనేనండీ."

"ఎవరు అడిగేరు?"

"ఆదిలక్ష్మి గారినని ఫోన్లో ఒకావిడ చెప్పేరండీ. నమ్మేను."

"అవునో కాదో ఎలా తెలుసుకున్నారు?"

"తెలుసుకోలేదండీ."

"అసలావిడ వచ్చి నేను ఫోన్ చెయ్యలేదని చెప్పేరా ఎప్పుడైనా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఆ మాటకి లాగ్‌లో సాక్ష్యం లేదు. లేదని చెప్పినా ఎవరికీ తెలియదు, ఆదిలక్ష్మి గారికి తప్ప. "చెప్పేరండీ. రెండు రోజులకే వచ్చి చెప్పేరు. నేను పట్టించుకోలేదు."

ఆవిడ రాసుకోవడం ఆపి నా వైపు చూశారు. "ఇది రాసుకోమంటారా?"

"రాసుకోండి."

ప్రసాదరావు గారు అప్పుడు నోరు విప్పారు. "మెయిల్లో ప్రశ్నపత్రాలు తిరగనిచ్చింది నేనండీ. అది కూడా రాసుకోండి" అన్నారు. ఆ మాట ఆయన అంటారని నేను కలలో కూడా అనుకోలేదు. ఒంటిగంటకి అలా మాట్లాడిన మనిషీ, మూడున్నరకి ఇలా మాట్లాడిన మనిషీ ఒకరే. పై అధికారుల గురించి నేను నేర్చుకున్నది ఇంతే. వాళ్లు భయపడుతున్నప్పుడు చెప్పిన మాట పట్టుకుని పనిచెయ్యకండి. వాళ్లకి కూడా ఇంకో అవకాశం మిగల్చండి.

పోలీసులకి ఫిర్యాదు వెళ్లింది. బయటి చిరునామా, ఆ కనెక్షన్ పట్టుకుని వెళ్తే, కొత్తపేటలో ట్యూషన్ సెంటర్ నడిపే ఒకాయన తేలాడు. ఒకప్పుడు మా దగ్గరే గెస్ట్ లెక్చరర్‌గా చేశాడు. పేపరు ఎవరు తయారుచేస్తారో, మెయిల్ కోసం ఎవరికి ఫోన్ చెయ్యాలో అన్నీ తెలుసు. ఫోన్లో మాట్లాడింది అతని దగ్గర పనిచేసే అమ్మాయి. ఇదంతా తేలి, ఆదిలక్ష్మి గారి తప్పు లేదని కాగితం వచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. నన్ను కొన్ని నెలలు సర్వర్ పని నుంచి తప్పించారు. తప్పించడం న్యాయమే.

తర్వాత

మళ్లీ నన్ను సర్వర్ దగ్గర కూర్చోబెట్టాక, ఫోన్లో పాస్‌వర్డ్ మార్చేది లేదని నియమం పెట్టుకున్నాం. ఎవరైనా సరే గుర్తింపు కార్డుతో మనిషి రావాలి. రాలేకపోతే ఆఫీసు రికార్డులో ఉన్న నంబరుకి మేమే తిరిగి ఫోన్ చేస్తాం. ముసురు పట్టిన రోజున ప్రసాదరావు గారే ఫోన్ చేశారు. "నేనేనమ్మా, నా గొంతు తెలీదా?" అన్నారు. "తెలుసండీ, కానీ రావాలండీ" అన్నాను. గొడుగు వేసుకుని వచ్చి, తడిసిన కార్డు చూపించి మార్పించుకున్నారు. ఆ రోజు నుంచి నియమం గురించి ప్రాంగణంలో ఎవరూ పేచీ పెట్టలేదు.

ఆదిలక్ష్మి గారు నాతో మాట్లాడేవారు. పని ఉంటేనే. మెయిల్‌కి సంబంధించి ఏ చిన్న పనికైనా స్వయంగా వచ్చి, కుర్చీలో కూర్చోకముందే కార్డు తీసి బల్ల మీద పెట్టేవారు. నేను అవసరం లేదనలేదు.

నా రిటైర్‌మెంట్‌కి నాలుగు రోజుల ముందు కూడా అలాగే వచ్చారు. కార్డు పెట్టారు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఇన్నేళ్లయింది ఆదిలక్ష్మి గారూ, నా మీద ఇంకా కోపమేనా?"

ఆవిడ ఆలోచించి జవాబు చెప్పారు. "కోపం మీరు కాగితం తెచ్చిచ్చిన రోజే సగం పోయిందండీ. మిగతా సగం ఏంటంటే... ఆ ఏడు వారాల్లో మా పాప పది రోజులు బడికి వెళ్లలేదండీ. మీ అమ్మ పేపర్లు అమ్ముతుందంట కదా అన్నారంట క్లాసులో. నేను జ్వరమని రాసి పంపించేను. మీరు ఆ రోజు, ఎవరు ఫోన్ చేసేరో చూద్దాం ఉండండి అని ఒక్క మాట అనుంటే సరిపోయేది."

ఆ పది రోజుల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. "పాస్‌వర్డ్ మార్చాలండీ" అన్నారు ఆవిడే, కార్డు నా వైపు జరిపి.

కార్డు చేతిలోకి తీసుకుని ఫొటో చూశాను. తలెత్తి ఆవిడ మొహం చూశాను. అప్పుడు మార్చాను.